అరవై పళ్ళు

నా మిషనుతో పాటు వచ్చిన బ్లేడుకి ఇరవై నాలుగు పళ్ళు.
మామిడికాయల పెట్టెలకి అది చాలు,
ఆకలి మీదున్న మనిషిలా
నమలకుండా మింగుతుంది.

చీపురుపల్లి పిసిని తవిటయ్య
హార్మణీ తెచ్చి నా బల్ల మీద పెట్టేదాకా
దాంతో నాకు పేచీ లేదు.

"అమ్మీ, పెట్టి ఒదులైపోనాది.
పద్యం సగంలో గాలి ఎలిపోతంది.
రాగం నాది, ఈల దానిది."

చుట్టూ టేకే గాని, అడుగు పలక ఎవడో మామిడిది వేశాడు.
పురుగు దాన్ని జల్లెడ చేసింది.
పాత కిటికీ రెక్క ఒకటి విప్పి
అడ్డుకోత వేశాను.
అంచు పొడుగునా పెచ్చులు,
దువ్వెన చూడని తల.

గాలికి కళ్ళు లేవు.
వెంట్రుకవాసి సందు దొరికితే చాలు,
ఎవర్నీ దారి అడగదు.

గంటస్తంభం వెనక హార్డువేరు కొట్టుకి
తవిటయ్యా వచ్చాడు, నేను రమ్మనకపోయినా.
కుర్రాడు నూనె కాగితాలు విప్పి
నలభై, అరవై, ఎనభై వరసగా పరిచాడు.

తవిటయ్య ఎనభైని వేలికి తగిలించి
గోరుతో మీటి, చెవి దగ్గర పెట్టుకుని,
"అయిదు శ్రుతి. ఇదే తీసుకో" అన్నాడు.
మేకులు తూస్తున్నవాడు కూడా
తూకం ఆపి విన్నాడు.

నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు.
కానీ నా మోటారు పాతది,
సాయంత్రమైతే కరెంటుకి నీరసం.
అన్ని పళ్ళూ ఒకేసారి కర్రలో కూరుకుని
కొరకలేక ఒరుసుకుని
టేకుని మాడ్చి నల్లచార మిగులుస్తాయి.
నలభై అంటారా, అటూ ఇటూ కాని బేరం.

మా అయ్య చేతిరంపాన్ని మోకాళ్ళ మధ్య బిగించి
ఆకురాయితో ఒక్కో పన్నూ లేపుతూ అనేవాడు:
"కర్ర పేరు తరవాతే,
కోత ఎటేపో అది సూడు ముందు.
నార ఎంబడైతే నాలుగు పళ్ళు సాలు.
నారకి అడ్డంగా ఎల్లినావా,
పోగు పోగునీ అడిగి తెంపాల."

అరవై తీసుకున్నాను.
"అది నాలుగున్నరే పలికింది"
అన్నాడు తవిటయ్య, దారంతా.

గీత మీద కాగితం టేపు అంటించి,
కింద పనికిరాని ప్లైముక్క పరిచి,
కర్ర దాటి ఒక్క పన్నెత్తు కనిపించేంత
బ్లేడు పైకి లేపి,
పలకని తోయలేదు. పంపించాను.

శబ్దం మారింది.
అరుపు పోయి,
బట్టల కొట్లో తాను చింపుతున్న చప్పుడు.
పొట్టు పిండిలా రాలింది.
టేపు లాగితే అంచు
కత్తి జారిన లేత ముంజె.
వేలితో తడిమాను,
వేలు ఏమీ చెప్పలేదు.
నాకు కావలసిన జవాబు అదే.

సరేసు పట్టించి, ఒక రాత్రి ఆరనిచ్చి,
పొద్దున్నే తవిటయ్య చేతిలో పెట్టాను.
తిత్తి ఆడించాడు.
సన్నగా, ఈల.

మూలమూలకీ అగరువత్తి పెట్టి చూశాను.
పొగ నిట్టనిలువుగా లేచింది,
ఎక్కడా తల తిప్పలేదు.
మెట్టు వదిలెయ్యమన్నాను.
తిత్తి ఆపమన్నాను.
ఈల ఆగలేదు.

"అది పెట్టిది కాదే అమ్మీ" అన్నాడు
గుండె మీద అరచెయ్యి వేసుకుని.
"నాది. మరి దీనికెన్ని పళ్ళ బ్లేడో
ఏ కొట్లో సెప్తారు?"
నవ్వితే కింద వరసలో మూడే కనిపించాయి.

సగం డబ్బులిచ్చాడు.
మిగతాది రాజాంలో నాటకం అయ్యాకట.

సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో
పళ్ళ సందుల్లో టేకు జిగురు తుడిచి
మేకుకి తగిలించబోతూ
గోరుతో ఒకసారి మీటాను.

నిజమే. నాలుగున్నరే.