తూకం చీటీలు

చిత్తూరు బెల్లం మండీలో
తూకం చీటీల వెనకవైపు
ఇంగ్లీషు మాటలు రాసుకునేదాన్ని.
ముందువైపు: మూట ముప్పై కిలోలు, తరుగు అరకిలో.
వెనకవైపు: లకానిక్, తక్కువ మాట్లాడేవాడు.
గ్యారులస్, వాగుడుకాయ.
రోజుకి నలభై. బ్యాంకు పరీక్షకి నూటపది రోజులు.
లెక్క బాగానే కుదిరింది,
లెక్కలు రాసేదాన్నే కదా.

చీటీలకి చీమలు పట్టేవి.
బెల్లం అంటిన చీటీ ఏదో వాటికి తెలుసు,
మాట ఏదైతే వాటికేం.

తిరుపతిలో కోచింగు సారు చెప్పినాడు:
"మూడువేల మాటలు కడుపులో వేసుకోండి,
పాసేజీ దానంతటదే లొంగుతుంది."
ప్రతి ఆదివారం ఏడు గంటల బస్సులో
పూతలపట్టు దాటేలోపు ఒక కట్ట,
చంద్రగిరి కోట కనబడేలోపు ఇంకో కట్ట
కడుపులో వేసుకునేదాన్ని.

జూన్‌లో యాదమరి నించి చెంగల్రాయ మామ వచ్చినాడు,
గుజ్జు ఫ్యాక్టరీ కాగితం నాలుగు మడతలు పెట్టుకుని.
"ఇంగ్లీషు చదువుతుండావంటనే పాపా,
ఏం రాసుండారో చూడు."
చూసినాను. ఒక్క మాటా కొత్తది కాదు.
'వితౌట్ ప్రెజుడిస్' కాడికి వచ్చేసరికి
నాకు గర్వం కూడా కలిగింది:
ప్రెజుడిస్, దురభిప్రాయం, మూడో కట్టలో ఉంది.
"నీ మీద వాళ్లకి ఏ దురభిప్రాయమూ లేదంట మామా."
"ఉండేదానికి నేనేం చేసినాను వాళ్లకి?" అని నవ్వి
రెండు తోతాపురులు నా బల్ల మీద పెట్టి పోయినాడు.

ఎనిమిదో రోజు
అవే తోతాపురులు, ట్రాక్టరు నిండా,
ఫ్యాక్టరీ గేటు కాడ నించి తిరుగుమొహం పట్టి
మా మండీ ముందర ఆగినాయి, రసం కారతా.
ఆ కాగితం మళ్లీ తీసుకున్నాను.
ఈసారి మొదటి వాక్యం నించి, వేలు పెట్టి.
సరుకు దించుకుంటాం, వద్దనే హక్కు మాత్రం మాదే.
అంతే రాసుండాది.
దురభిప్రాయమూ లేదు, అభిప్రాయమూ లేదు.

మామ ఒక్క మాటా అనలేదు.
లకానిక్ అని గుర్తొచ్చింది నాకు.
గుర్తొచ్చినందుకు సిగ్గేసింది.

గుడిపాల నించి బెల్లం తెచ్చే ధనభాగ్యమక్క
పదేళ్లుగా నాతో అరవంలోనే బేరమాడతాది.
ఆమె "సరి" అంటే
ఒప్పుకున్నట్టా, పోట్లాట మొదలైనట్టా
నేను చెప్పేస్తాను,
అంతకుముందు మాట విని,
సంచి ఏ చేతిలోకి మారిందో చూసి.
సరికి నా కాడ చీటీ లేదు.

ఇప్పుడు తెలియని మాట వస్తే
పక్కన కూర్చున్న మాటల్ని అడుగుతుండాను.
కొన్ని చెప్తాయి. కొన్ని మొహం తిప్పుకుంటాయి.
పురుగుమందు డబ్బా మీది హెచ్చరిక,
బీమా కాగితం వెనక చీమతలకాయంత అక్షరాలు,
రోజుకొకటి, అంతకు మించి సాగదు.
సారు లెక్క ప్రకారం బాగా వెనకబడినాను.
పరీక్షకి ఇరవై రెండు రోజులుంది.

మొన్న మామ ఇంకో కాగితం తెచ్చినాడు.
నా కాడికే తెచ్చినాడు.
"కూర్చో మామా, రెండుసార్లు చదవాల" అన్నాను.
కూర్చున్నాడు.