ఈదమ్మ కొలతలు

చౌరస్తల నిలబెట్టిన బొమ్మను చూస్తే నవ్వొస్తది నాకు.
వెన్ను నిటారు. మెడ నిటారు.
చేతుల మంచుబల్లెం, కాలికింద శనిగ్రహం.
బొమ్మ చేసినోడు కొలతలకు నా కాడికే వచ్చిండు.
పుస్తకం తెరిచిండు, చదివిండు,
మెల్లగ మూసిపెట్టి పోయిండు.

గట్టుప్పల్ దర్జీని నేను.
ఆమె ఒళ్లు కొలిచినోణ్ణి.

మొదటి పేజీ.
చాయ్ మరక పక్కన పెన్సిల్‌తోని:
ఈదమ్మ, మర్రిగూడ. వయసు పందొమ్మిది.
ఎత్తు నాలుగడుగుల రెండంగుళాలు,
వంగినకాడికి.
నిలబడితే ఎంతుంటదో రాయలె.
బోరునీళ్లు తాగి తాగి
ఎముకలు గట్టిపడ్డ ఊరు అది.
ఆకాశం చూడాలంటే
మంచంల ఎల్లెలకల పండుకోవాలె ఈదమ్మ.
పండుకునే నేర్చింది చుక్కలన్ని.

గుంపుమేస్త్రి బుడ్డన్న అడ్వాన్సు పంచిండు.
పాలమూరోళ్లు పోని చోటేదన్న మిగిలిందా?
కట్టలు పోసిరి, సొరంగాలు తవ్విరి,
ఇగ శని సుట్టు తిరిగే మంచు కొట్టెటందుకు
కల్వకుర్తి నుంచి, మక్తల్ నుంచి, నూట నలభై మంది.
కంపెనీ సూట్లు ఒకటే సైజు,
నిటారు మనుషులకు.
"ఈ గూనిదెందుకు?" అన్నడు ఇన్‌స్పెక్టరు.
నేను రాత్రంత కూసొని
వీపుకాడ నాలుగు చీలికలిచ్చి కుట్టిన.
ఒక్కో కుట్టు పంటితో గుంజి చూసిన.
ఊడితే పోయేది గాలి గాదు గద.

రెండో కొలత నేను తియ్యలె.
పదేండ్లకు అక్కడినుంచి రేడియోల చెప్పింది:
"అన్నా, బరువు లేదు ఈడ.
కింద అనేదే లేదు, వంగుటానికి."
అంగుళాల గడిల ఆ మాటనే రాసుకున్న.

తర్వాతదంత మీకెరుకే.
కూలి ఆపిన కంపెనీ, గాలి ఆపిన కంపెనీ,
ఏడు కావలి ఓడలు.
ఒగ్గుకథలోళ్లు తెల్లారేదాక చెప్తరు,
కన్నెర్ర జేస్తే మంచు మరిగిందని,
చేతులెత్తుమంటే
ఏడు ఓడల ముంగట ఎత్తలేదని.
ఆడికి రాంగనే డోలు ఉరుముతది,
ముసలోళ్లు సుత ఈలలేస్తరు.

నేను విన్నది వేరే.
ఆమెతోని పనిచేసిన మొగులమ్మ చెప్పింది.
నిటారు మనిషి దూరలేని మంచు సందుల
బండకింద తేలు లెక్క
ముడుచుకొని పదకొండు దినాలున్నదట.
ఓడ దాటినప్పుడల్ల
దాని ఇంజను గొట్టంల ఒక గడ్డ ఇరికిచ్చిందట.
గంతే. మళ్ల ముడుచుకున్నదట.
ఓపిక ఆమెకు కొత్తనా?
ట్యాంకరు కాడ బిందె వెట్టి
పొద్దుగూకేదాక కూసున్న మనిషి.

మంచు తెచ్చింది, చెరువంత గడ్డ.
కరిగిన నీళ్లు మొదటి దినం ఎవ్వరు ముట్టలె.
చిన్న పిల్లోడొకడు దోసిట్ల తాగి
"సప్పగున్నయ్" అని ఉమ్మేసిండు.
ఆ సప్పదనానికి ఎందరు పోయిరో
నూట నలభైల తిరిగొచ్చినోళ్లు ముప్పైమంది.
బుడ్డన్న రాలే. అడ్వాన్సు చిట్టీ వచ్చింది.

మూడో పేజీ.
భూమ్మీద కాలు వెట్టంగనే
బరువు మళ్ల ఎక్కి కూసున్నది వీపు మీద.
ఆ రాత్రి నా దుకాణంకు
వెనక దర్వాజ నుంచి వచ్చింది,
ముంగట దండలు, డప్పులున్నయని.
స్టూలు మీద కూసొని
"జాకెట్ కుట్టన్నా" అన్నది.
టేపు వెట్టిన. ఏళ్లు వణికినయ్, నాయి.
నాలుగడుగుల రెండు.
అన్నేండ్లు చుక్కల్ల తిరిగొచ్చినా
అంగుళం ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"బుజాల కాడ గుండీలు వెట్టు" అన్నది,
ఎవ్వలన్న ఇంటున్నరా అని దర్వాజ దిక్కు చూసి.
"చేతులు పైకి లేవయ్ నాకు.
చిన్నప్పటిసంది లేవయ్."