సాక్ష్యం చెప్పమంటే

ఫర్వానియాలో, బకాలా కింద సెల్లార్ గదిలో
ఆ శుక్రవారం పాస్టర్ గారి చూపు నా మీద ఆగింది.
"తమ్ముడూ, ఒక సాక్ష్యం."

లేచాను. చేతులకింకా గంజి వాసన.
నా ముందు లేచినవాళ్ళలో
ఒకరికి ఇకామా వచ్చింది, ఒకరికి షుగర్ దిగింది,
ఒకామెకి ఆగిపోయిన ఐదు నెలల జీతం
కఫీలే ఇంటికి తెచ్చిచ్చాడు.
నా దగ్గర అంత పెద్ద సంగతి లేదు.
"అందరికీ వందనాలు" అని కూర్చున్నాను.

అప్పుడు నోరు రానిది ఇప్పుడు చెబుతాను.

నాది లాండ్రీలో ఇస్త్రీ పని.
గురువారం ఒక్క రాత్రే రెండు వందల దిష్దాషాలు.
ఊరంతా శుక్రవారం తెల్లగా నడవాలంటే
శుక్రవారం నేను నిద్రలో ఉండాలి.
అందుకే ఆరాధనకి ఎప్పుడో ఒకసారి.
అప్పుడు కూడా కళ్ళు మూస్తే
అది ప్రార్థనో కునుకో నాకే తెలీదు.

కొండ మీద ఆయన బట్ట మెరిసిందంట,
ఏ చాకలీ అంత తెల్లగా ఉతకలేడంట.
గుడిలో ఆ మాట వచ్చినప్పుడల్లా
మా నాన్న మీసంలో నవ్వేవాడు, మా ఇంటి పనే అది మరి.
"మాకిచ్చి చూడమను."

ఇస్త్రీకి ముందు జేబు చూడాలి. అది రూలు.
ఖర్జూరం గింజ. పార్కింగ్ చీటీ.
ఒకసారి టిష్యూలో చుట్టిన పాలపన్ను,
ఏ ఇంటి పిల్లదో.
కవర్లో పెట్టి నంబరు రాశాను.
ఆ రాత్రంతా ఎవరో నాతో
మాట్లాడుతున్నట్టే ఉంది.

షఫీకుల్‌దీ నాదీ ఒకటే మంచం.
అతను డ్యూటీకి లేస్తే నేను వాలతాను.
ఏడాదిలో అతని ముఖం సరిగ్గా చూసింది నాలుగుసార్లు.
దిండులో గుంట అతనిది, అందులో నా తల.
దుప్పటి ఇంకా వెచ్చగా ఉంటుంది,
ఎవరో నాకోసం ఇప్పటిదాకా కాచుకుని
ఇప్పుడే లేచినట్టు.

"దేవుని కృప, బాగున్నాను" అంటాను ఫోన్లో కెజియాతో.
గంజి పెట్టిన మాట అది.
లోపల మనిషి ఉన్నా లేకపోయినా
దానంతటది నిలబడుతుంది.

ఆగస్టులో, గాలి తడిగుడ్డలా ముఖానికి అంటుకునే రోజుల్లో
అబూ నాసర్ ఒక దిష్దాషా తెచ్చాడు. నంబరు మూడు వందల పదిహేడు.
మరక లేదు, చెమట లేదు, మడత కూడా చెదరలేదు.
"ఎవరూ తొడగలేదు కదా బాబా" అన్నాను నా విరుగుడు అరబ్బీలో.
"తొడగడు. నా కొడుకుది. రెండేళ్ళయింది.
అయినా శుక్రవారానికి సిద్ధంగా ఉండాలి."

వారం వారం తెచ్చాడు. వారం వారం చేశాను.

ఒక రాత్రి, మూడింటికి,
ఆవిరి దాని చేతిలోకి దూరింది.
మోచేయి దాకా నిండింది,
చెయ్యి బల్ల మీంచి కొంచెం లేచింది,
మణికట్టు దగ్గర విప్పుకుని
మళ్ళీ బట్ట బట్టే అయింది.
ఆవిరి అంతే చేస్తుంది. పన్నెండేళ్ళుగా తెలుసు నాకు.
అయినా ఇస్త్రీపెట్టె నిలబెట్టి
ఒక అడుగు పక్కకి జరిగాను,
ఇరుకు దారిలో పెద్దవాళ్ళు ఎదురొస్తే
జరుగుతాం చూడండి, అలా.
ఏమీ అడగలేదు. కృతజ్ఞత కూడా చెప్పలేదు.
మిషన్ బుసకొడుతూనే ఉంది.
ఆ గదిలో ఇద్దరం ఉన్నాం.

ఇది సాక్ష్యం కిందికి వస్తుందో లేదో
పాస్టర్ గారే చెప్పాలి.

అబూ నాసర్ రెండు వారాలుగా రావట్లేదు.
మూడు వందల పదిహేడు హ్యాంగర్‌కే ఉంది.
గురువారం అన్నీ అయ్యాక
దాన్ని దింపి మళ్ళీ చేస్తున్నాను.
"దీనికి డబ్బులెవరిస్తారు?" అంటాడు ఓనరు.
ఖల్లీ వల్లీ.
ముందు జేబు చూస్తాను.
అది రూలు.