టికెట్ వెనక

చియతూరా రోప్‌వే టికెట్ల కిటికీలో
త్సియాలా చదువుతుంది,
అట్టలేని లావుపాటి ఇంగ్లీషు నవల.
మొదటి నలభై పేజీలూ
ఎలుకలు ఎప్పుడో చదివేశాయి.

తెలియని మాట తగిలితే
టికెట్ వెనక రాసుకుంటుంది.
నిఘంటువు లేదు.
ఆ మాట మళ్లీ ఎదురయ్యేదాకా ఆగడమే.

"మెలంకలీ" నాలుగుసార్లొచ్చింది.
నాలుగుసార్లూ ఎవరో
కిటికీ పక్కన ఊరికే నిలబడి ఉన్నారు.
చలికాలపు జబ్బేమో అనుకుంది కొన్నాళ్లు.

నిన్న రద్దీలో
ఆ టికెట్టే చింపిచ్చేసింది,
మాంగనీసు గని నుంచి ఇంటికెళ్తున్న ఎల్గూజాకి.

డబ్బా ఎక్కి, తిప్పి చూసి
"ఇదేంటి?" అన్నాడు.

తీగ కదిలింది.
లోయ మీదికి ఊగుతూ పోతున్న డబ్బా వైపు
తల బయటపెట్టి అరిచింది:
"సగం దూరం పోయాక
కిందికి చూడు,
తెలుస్తుంది!"