పదమూడో ముక్క

మార్సే పాతరేవు పైన, మెట్లవీధిలో
మిస్ట్రాల్ గాలి కిటికీ రెక్కల్ని బాదుతోంది.
వెల్లుల్లి వాసన పట్టిన మేజా మీద
ఫిలొమెన్ ముక్క తిప్పింది.

ఎముకల మనిషి. పొడుగు పిడి కొడవలి.
నల్లమట్టిలో తెగిన చేతులు, ఒక పాదం,
కిరీటంతో సహా ఒక తల.
మిగతా బొమ్మలన్నిటికీ అడుగున పేరుంది.
దీనికి లేదు. పదమూడు, అంతే.

"చావేగా?" అన్నాను.
ఓడల యార్డు మూతపడి పదకొండు రోజులు.
ఇరవై రెండేళ్లు వెల్డింగ్ చేసిన చేతులు
ఎవరివో అన్నట్టు నా ఒళ్లో పడున్నాయి.

ఆమె నవ్వలేదు, ఓదార్చనూ లేదు.
"నలభై ఏళ్లు మంత్రసానిని నేను.
బొడ్డు కోసి తల్లి చేతికిచ్చినప్పుడు
ఏ బిడ్డకీ పేరు లేదు.
కత్తిని కాదు, నేల చూడు."

చూశాను.
ఎముకల పాదాల చుట్టూ గడ్డి,
నీలంగా, పసుప్పచ్చగా.
ఆ చేతులు తెగిపడ్డవో, మొలుస్తున్నవో
ఎంతసేపటికీ తేలలేదు.

కాఫీ చల్లారింది.
డబ్బు తీసుకుని
చిల్లర లెక్కపెట్టి మరీ ఇచ్చింది.

మెట్లు దిగుతూ, జేబులో
ఒక్కో వేలూ కదిపి చూసుకున్నాను.