హుయా సొరుగు

సొరుగు లాగాను. కలరా ఉండల వాసన.
నల్లటి పిట్టలు రెండు, కళ్లల్లో దూది.
మగదాని ముక్కు ఉలి,
ఆడదానిది కొడవలి.

"ఈ జంటను కుదిర్చిన చెయ్యి ఒకటుంది
రంగిమారీ," అన్నాడు
ప్రార్థన ముగించుకుని తిన్నగా వచ్చిన హోహెపా మామ.

"చెయ్యి కాదు, ఆకలి.
పుచ్చిన మాను, లోపలి పురుగు,
లెక్కలేనన్ని చావులు."
"నువ్వు చూశావా?"
"చేతిని నువ్వు చూశావా?"

వెల్లింగ్టన్ గాలి కిటికీని గుంజుతోంది.

పిట్టను బోర్లా తిప్పాను.
తోకలో పన్నెండు ఈకలుండాలి.
నాలుగే.

మామ కళ్లద్దాలు తీసి తుడిచాడు,
మళ్లీ పెట్టుకోలేదు.
"ఇదెవరి చెయ్యో తెలుసు.
లండన్ టోపీలవాళ్లనే తిట్టేవాణ్ణి.
మా తాత ఫొటోలో, జుట్టులో,
తెల్ల అంచు ఈక ఒకటుంది."

తర్వాత సన్నగా ఈల వేశాడు.
పిట్టను దగ్గరికి రప్పించే ఈలట,
తాత నేర్పింది.

సొరుగు మీద నా చెయ్యి
అలాగే ఆగింది.