నాలుగో దిమ్మె

తెల్లవారుజామున నాలుగున్నరకు
పన్నెండు జంతువులకు నీళ్ళు పోస్తాను.
సిడ్నీకి పడమట, రైలు స్టేషన్ వెనక,
బట్టల కొట్లకీ బాతుమాంసం కొట్టుకీ మధ్య
ఇటుకలు పరిచిన చౌకులో,
మునిసిపాలిటీ జీతం మీద.

ఎలుకతో మొదలు.
ఎద్దు వీపు మీద ఎప్పుడూ ఎవరిదో కాఫీ కప్పు,
పులి నోట్లో సిగరెట్ పీకలు.
డ్రాగన్‌కి నిచ్చెన కావాలి.
పంది ఒక్కటే పాపం
ఎప్పుడు చూసినా శుభ్రంగా ఉంటుంది.

అన్నీ పసుప్పచ్చ ఇసుకరాయి.
చెక్కినామె ఇల్డికో, చిన్నప్పుడే హంగేరీ వదిలి వచ్చింది,
ఉలి పట్టీ పట్టీ రెండు వేళ్ళు వంకర.
నాలుగో దిమ్మె మీద కుందేల్ని కూర్చోబెట్టింది,
తను చదివిన పుస్తకంలో అలాగే ఉందట.

ఆరంభం రోజే గొడవ.
బట్టల కొట్టు బిక్ లియెన్ రిబ్బన్ దాటి వచ్చి
"ఇది మా పిల్లి కూర్చోవాల్సిన చోటు" అంది.
వియత్నాం లెక్కలో నాలుగోది పిల్లి.
తను పిల్లి ఏడాదిలో పుట్టింది.
పన్నెండేళ్ళ తర్వాత, మళ్ళీ పిల్లి ఏడాదిలోనే, చెల్లెలు.
ఇద్దరూ ఒకే పడవ ఎక్కారు.
దిగింది ఒక్కతే.
ఆ మాట మాత్రం ఏ మీటింగులోనూ చెప్పలేదు.

బాతుల కొట్టు టే బున్ హెంగ్
కత్తి గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు:
"మా తాతల నాటి నుంచీ కుందేలే."
మూడు మీటింగులు. టీ. నువ్వుల బిస్కెట్లు.
ఎవరు పట్టిన కుందేలుకి వాళ్ళకి మూడే కాళ్ళు,
ఒకరి కుందేలుకైతే మీసాలూ తోకా కూడా.
మునిసిపాలిటీ అంతా రాసుకుని
ఫ్యాన్ కట్టేసి వెళ్ళిపోయింది.

ఆగస్టులో, చలి రాత్రి,
బియ్యం బస్తాల లారీ వెనక్కి వస్తూ
చెవులు రెండూ ఎగరగొట్టింది.
పొద్దున ముందు చూసింది నేనే.
గుండ్రటి తల, ముడుచుకున్న కాళ్ళు, చిన్న ముక్కు.
టార్చి వెలుగులో ఒక్క క్షణం
ఇక్కడికి పిల్లి ఎలా వచ్చిందా అనుకున్నాను.

ఏడున్నరకు బిక్ లియెన్ షట్టరెత్తింది.
చూసింది. చాలాసేపు చూసింది.
లోపలికెళ్ళి ఎర్ర శాటిన్ అరగజం కత్తిరించి తెచ్చింది,
పెళ్ళిళ్ళకి తప్ప తాను దింపని రకం.
పిల్లి మెడలో గంట కట్టేదెవరని అడుగుతారు కదా,
గంట కాదు గానీ
కట్టడమైతే అయిపోయింది.

ఊడిన చెవులు ఎక్కడా దొరకలేదు.
ఇల్డికోని పిలిపించారు.
బోడి తల మీద అరచెయ్యి పెట్టి
"కొత్తవి చెక్కనా?" అని అడిగింది, రాయినే.
ఆకలేసి బాతు నూడుల్స్ తినడానికెళ్ళింది.
అక్కడ, గల్లా పక్కన,
ఆవాకు ఊరగాయ జాడీ మూత మీద
బరువుకి పెట్టిన రెండు రాతి చెవులు.
బున్ హెంగ్ తలెత్తలేదు.
ఆమె డబ్బిచ్చి వచ్చేసింది.
బస్టాపులో నాతో చెప్పింది, నవ్వు ఆపుకోలేక.

కొట్టు మూశాక రోజూ ఆయనొచ్చి
శాటిన్ ముడి ముట్టుకోకుండా
కొత్తిమీర కాడలు కాళ్ళ దగ్గర పెట్టి వెళ్తాడు.
కాడలు ఊడ్చేది నేనే.

నేను పుట్టింది డెబ్బై అయిదులో.
"అయితే నువ్వు పిల్లివి" అంది ఆమె.
"కుందేలువి" అన్నాడు ఆయన, తూకం వేస్తూనే.
సమోవాలో మా అమ్మ
నా తిండి చూసి పంది అనేది.

ఇవాళ కూడా నీళ్ళు పోశాను.
చెవులు విరిగిన చోట రాయి గరుకు,
తడి త్వరగా ఆరదు.
తలంతా లేత పసుపు తిరిగాక కూడా
రెండు నల్లటి మచ్చలు నిలబడి వింటుంటాయి.
మైనా పిట్ట ఒకటి వచ్చి
ఎడమ మచ్చ గుంటలో నీళ్ళు తాగింది.
గొట్టం చుట్టేసి
కోతి వైపు నడిచాను.
దాని చేతిలో ఎవరో
సగం తిన్న రొట్టె పెట్టి పోయారు.